చిన్న కాలేజీల పేర్లు ఏ ప్రాంతంలో ఎవరికి తెలుసు? కార్ల్‌టన్ విషయంలో సలహా కావాలి

ప్లేనో నాన్న (టెక్సస్)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి మినెసోటాలోని కార్ల్‌టన్ కాలేజీలోనూ, ఇక్కడి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ టెక్సస్ ఎ అండ్ ఎమ్‌లోనూ సీటు వచ్చింది. తనకు జీవశాస్త్రం, గణితం రెండూ ఇష్టం. పరిశోధన వైపు వెళ్లాలని, పీహెచ్‌డీ చేయాలని గట్టిగా అనుకుంటోంది. కార్ల్‌టన్ వాళ్లు ఇస్తామన్న ఆర్థిక సహాయం పోను చూసుకుంటే రెండు చోట్లా మా మీద పడే ఖర్చులో పెద్ద తేడా లేదు. కాబట్టి నా ప్రశ్న డబ్బు గురించి కాదు.

పోయిన శనివారం గుడిలో ఈ మాట చెబితే అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ కార్ల్‌టన్ పేరు తెలియదు. ఒకాయన, రెండేళ్ల కోర్సులుండే కమ్యూనిటీ కాలేజీయా అని అడిగారు. తెనాలి నుంచి మా అత్తగారు ఫోనులో, "ఎ అండ్ ఎమ్‌లో మన వాళ్ల పిల్లలు బోలెడుమంది చదివారు, ఇదెక్కడిది?" అన్నారు. అమ్మాయి పక్కనే ఉండి అన్నీ విన్నది. పైకి ఏమీ అనలేదు కానీ ఆ రోజు నుంచి కార్ల్‌టన్ ఊసు ఎత్తడం మానేసింది. అది చూసి నాకు బాధగా ఉంది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. ఇలాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (సైన్సూ ఆర్ట్సూ కలిపి, ముఖ్యంగా డిగ్రీ చదువే చెప్పే చిన్న కాలేజీల) పేర్లు దేశంలో ఏ ప్రాంతాల్లో, ఎలాంటి వాళ్లకు తెలుసు? తెలియని చోట బతకాల్సి వస్తే పిల్లలకు నిజంగా నష్టమా? సొంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ)

అభినందనలు. ఈశాన్య రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, స్వార్త్‌మోర్, వెల్‌స్లీ అంటే చదువుకున్న అమెరికన్ కుటుంబాల్లో చిన్నప్పటి నుంచీ వింటున్న పేర్లే. విలియమ్స్ 1793లో పెట్టారు, మెయిన్‌లోని బోడిన్ 1794లో. ఆ ఇళ్లలో తాతల కాలం నుంచీ అక్కడ చదివిన వాళ్లుంటారు. లాయర్ల ఆఫీసుల్లో, బ్యాంకుల్లో ఈ పేర్లకు వివరణ అక్కర్లేదు.

అదే ఎడిసన్‌లో మన తెలుగు వాళ్ల పెళ్లికి వెళ్లి స్వార్త్‌మోర్ అనండి, ఎవరూ పలకరు. ఆ కాలేజీ మాకు కారులో రెండు గంటల దూరం కూడా లేదు. ఊరు ఒక్కటే అయినా వీధివీధికీ తెలిసిన పేర్లు వేరు. అయితే కార్ల్‌టన్ గురించి ఇక్కడి అమెరికన్లలో కూడా అందరికీ తెలుసని చెప్పలేను. ప్రొఫెసర్ల కుటుంబాల్లో మాత్రం బాగా తెలుసు.

మంచు మొక్క (రోచెస్టర్, మినెసోటా)

ప్లేనో నాన్న గారూ, మా రాష్ట్రానికి వచ్చి అడగండి! ఇక్కడ కిరాణా కొట్టు క్యాషియర్‌కు కూడా కార్ల్‌టన్ తెలుసు. "అక్కడ సీటు వచ్చిందా, బాగా చదువుతుందన్నమాట" అంటారు. మాయో క్లినిక్‌లో పనిచేసే డాక్టర్ల పిల్లలు ఏటా కొందరు వెళ్తుంటారు కాబట్టి మా రోచెస్టర్‌లో తెలుగు ఇళ్లలో కూడా ఆ పేరు వింత కాదు.

నార్త్‌ఫీల్డ్ మాకు ఒక గంట ప్రయాణం. చిన్న ఊరు. మధ్యలో కానన్ నది, ఒక పక్క కార్ల్‌టన్ (1866), ఇంకో పక్క కొండ మీద సెయింట్ ఓలాఫ్ (1874). గాలి అటు నుంచి వీస్తే ధాన్యపు అల్పాహారాలు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి ఊరంతా కమ్మటి వాసన వస్తుంది. క్యాంపస్‌లో డేసీ మోసెస్ ఇల్లు అని ఒకటి ఉంది. ఏ విద్యార్థి అయినా ఎప్పుడైనా వెళ్లి అక్కడి పిండి, వెన్న, చక్కెర వాడుకుని కుకీలు చేసుకోవచ్చు. నియమం ఒక్కటే, చేసినవాటిలో కొన్ని తర్వాత వచ్చేవాళ్లకు ఉంచాలి. మా మేనకోడలు అక్కడ చదివేటప్పుడు నన్ను తీసుకెళ్లింది. వంటింట్లో ముక్కూమొహం తెలియని పిల్లలు నలుగురు పిండి కలుపుతూ, వాళ్లలో ఇద్దరు జన్యుశాస్త్రం పరీక్ష గురించి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అంత చనువు నేను పెద్ద యూనివర్సిటీలో చదివిన రోజుల్లో ఎరగను.

చలి మాత్రం చలే. ఆ విషయంలో అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి.

హ్యూస్టన్ గాలి (టెక్సస్)

అందరూ మంచి మాటలు చెబుతున్నారు, నేను రెండో వైపు కూడా చెప్పాలి. చాలా ఏళ్లుగా ఇంధన రంగంలో ఉద్యోగ నియామకాలు చూస్తున్నాను. టెక్సస్‌లో పేరుకు బలం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి.

ఎ అండ్ ఎమ్‌లో 70,000 మందికి పైగా విద్యార్థులు. కార్ల్‌టన్‌లో అన్ని తరగతులూ కలిపితే 2,000 మంది. ఎ అండ్ ఎమ్ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లో, వాళ్ల కైల్ ఫీల్డ్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే లక్ష మందికి పైగా కూర్చుంటారు, టీవీలో ఇంకెందరో చూస్తారు. అక్కడ చదివిన వాళ్లు వేలికి వేసుకునే బంగారు ఉంగరం చూసి ఇంటర్వ్యూ గదిలో పలకరింపు మారిపోవడం నేను కళ్లారా చూశాను. హ్యూస్టన్, డల్లాస్ కంపెనీలు అక్కడి ఉద్యోగ మేళాలకు వరస కడతాయి. చిన్న కాలేజీకి అంతమంది వెళ్లరు, వెళ్లలేరు కూడా.

ఇంకో సంగతి. ప్లేనోకు ఉత్తరాన గంట దూరంలో షెర్మన్‌లో ఆస్టిన్ కాలేజీ ఉంది. 1849 నాటిది. పేరు విని అది ఆస్టిన్ నగరంలో ఉందనుకునేవాళ్లే ఎక్కువ. జార్జ్‌టౌన్‌లో సౌత్‌వెస్టర్న్, శాన్ ఆంటోనియోలో ట్రినిటీ ఉన్నాయి. మన రాష్ట్రంలో ఉన్న చిన్న కాలేజీలే మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఈ రాష్ట్రంలో పేరంటే పెద్ద యూనివర్సిటీలదే. మీ అమ్మాయి చదువు అయ్యాక టెక్సస్‌లోనే ఉద్యోగం చేయాలనుకుంటే ఇది ఆలోచించాల్సిన విషయమే.

ఉత్తరాంధ్ర అమ్మాయి (సియాటెల్)

నేను విజయనగరంలో ఇంటర్ చదివి, పూర్తి ఆర్థిక సహాయంతో అయోవాలోని గ్రినెల్ కాలేజీకి వచ్చినదాన్ని. మా ఇంట్లో అయోవా అనే రాష్ట్రం పేరే ఎవరూ వినలేదు, ఇక కాలేజీ పేరు సంగతి చెప్పనక్కర్లేదు. మా నాన్న మేనేజర్‌కు చెబితే "ఇంజినీరింగ్ లేని కాలేజీకి అమెరికా దాకా ఎందుకు?" అన్నారట. నాన్న ఆ మాట నాకు చాలా కాలం చెప్పలేదు.

గ్రినెల్ ఊరు మొత్తం పది వేల లోపు జనం. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు రాబర్ట్ నోయిస్ పెరిగింది ఆ ఊళ్లోనే, చదివింది ఆ కాలేజీలోనే, 1949లో డిగ్రీ పూర్తయింది. అక్కడి భౌతికశాస్త్రం ప్రొఫెసర్ గ్రాంట్ గేల్, ట్రాన్సిస్టర్ కనిపెట్టిన కొత్తల్లోనే దాని గురించి విద్యార్థులకు చెప్పారు. నోయిస్‌కు ఆ దారి అక్కడే కనపడింది. 1968లో ఇంటెల్ పెట్టినప్పుడు గ్రినెల్ కాలేజీ నిధి నుంచి కూడా పెట్టుబడి వెళ్లింది. ఆ రోజుల్లో వారెన్ బఫెట్ ఆ కాలేజీ ధర్మకర్తల మండలిలో ఉన్నారు. నాలాంటి వాళ్లకు ఈనాడు ఇచ్చే సహాయానికి అలా పెరిగిన నిధి ఒక ఆధారం.

ఇంత జరిగినా, కాలిఫోర్నియాలో చిప్‌ల కంపెనీలో పనిచేసే మా పెదనాన్న కొడుకుకు గ్రినెల్ పేరు నేను చెప్పేదాకా తెలియదు. మొదట్లో నాకు మనసు చివుక్కుమనేది. నాలుగేళ్లూ పదిహేను మంది ఉన్న తరగతుల్లో కూర్చుని, రాసిన ప్రతి వ్యాసం మీదా ప్రొఫెసర్ ఎర్ర సిరాతో రాసిన మాటలు చదువుకుని బయటికి వచ్చాక ఆ బాధ పోయింది. మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ దాకా చేరడానికి మాత్రం కష్టపడ్డాను, దాచను. ఆ కంపెనీలో మా కాలేజీ పూర్వ విద్యార్థిని ఒకామె ఉండి నా దరఖాస్తు చదివింది. ఒకసారి గది లోపలికి వెళ్లాక నేను చదివిన కాలేజీ గురించి ఎవరూ అడగలేదు.

మీ అమ్మాయికి నాతో మాట్లాడాలని ఉంటే సంతోషంగా మాట్లాడతాను. మొదటి చలికాలం గురించి, ఒంటరితనం గురించి కూడా చెబుతాను.

బే ఏరియా బావ (కాలిఫోర్నియా)

మా దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో హార్వీ మడ్ అంటే ఎంతో గౌరవం. తొమ్మిది వందల మంది విద్యార్థులున్న కాలేజీ అది. దాని పక్కనే ఉన్న పొమోనా కాలేజీ చెబితే మాత్రం క్యాల్ పాలీ పొమోనా అనుకుంటారు. పొమోనా కాలేజీ ఉన్నది పొమోనాలో కూడా కాదు, క్లేర్‌మాంట్‌లో. ఉత్తర కాలిఫోర్నియా వాళ్లకే ఈ తికమక ఉంటే టెక్సస్ వాళ్లను ఏమంటాం?

పాఠాల పంతులు (ఇల్లినాయ్)

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్రం బోధిస్తాను. పీహెచ్‌డీ ప్రవేశాల కమిటీలో పనిచేశాను. కాబట్టి ఈ చర్చలో కొంచెం ఎక్కువగా మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మన వాళ్లకు ఈ పేర్లు ఎందుకు తెలియవో ముందు చూద్దాం. మనలో అత్యధికులం అమెరికాకు ఎమ్మెస్ దారిలో వచ్చాం. బీటెక్ అయ్యాక దరఖాస్తులు పెట్టాం, ఎవరు రానిస్తే అక్కడికి వచ్చాం. అందుకే అరిజోనా స్టేట్, యూటీ డల్లాస్, విచిటా స్టేట్ లాంటి పేర్లు గుంటూరులో, వరంగల్‌లో, భీమవరంలో నోళ్లలో నానుతున్నాయి. విలియమ్స్‌లో, కార్ల్‌టన్‌లో, గ్రినెల్‌లో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ లేదు. అక్కడ ఉన్నది దాదాపు అంతా డిగ్రీ చదువే. మన పెదనాన్న కొడుకో, సీనియరో అక్కడ చదివే అవకాశమే లేదు. ఎవరూ వెళ్లని ఊరి పేరు ఎవరికి తెలుస్తుంది? ఆ పేరు తెలియకపోవడం మనం వచ్చిన దారి వల్లే తప్ప ఆ కాలేజీలో లోపం వల్ల కాదు. గుడిలో అడిగినాయన మీద కోపం కూడా అనవసరం.

రెండోది ర్యాంకులు. యూఎస్ న్యూస్ పత్రిక నేషనల్ యూనివర్సిటీలకు ఒక జాబితా, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు ఇంకో జాబితా ఇస్తుంది. మన వాట్సాప్ బృందాల్లో తిరిగేది మొదటిదే. అందులో ఆమ్‌హర్స్ట్ ఎంత వెతికినా దొరకదు.

ఇక ప్రవేశాల సంగతి. మా కమిటీ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లలో కార్ల్‌టన్ తెలియనివాళ్లు ఒక్కరూ ఉండరు. డిగ్రీ చదివిన ప్రతి వందమందిలో ఎంతమంది తర్వాత పీహెచ్‌డీ పూర్తిచేశారని లెక్క తీస్తే, కాల్‌టెక్, ఎంఐటీలతో పాటు ముందు వరసలో కనిపించేవి హార్వీ మడ్, స్వార్త్‌మోర్, రీడ్, కార్ల్‌టన్, గ్రినెల్. కారణం సిఫారసు ఉత్తరాల్లో తెలిసిపోతుంది. మూడు వందల మంది తరగతి నుంచి వచ్చే ఉత్తరంలో, "ఈ విద్యార్థికి ఎ గ్రేడు వచ్చింది, మొదటి పదిశాతంలో ఉంది" అని ఉంటుంది. చిన్న కాలేజీ ఉత్తరం ఒకటి నాకు ఇంకా గుర్తుంది. రెండు వేసవులు ఆ అమ్మాయి తన ప్రయోగశాలలో ఏం చేసిందో, ఒక ప్రొటీన్ శుద్ధి చేయడంలో మూడు నెలలు ఎందుకు విఫలమైందో, చివరికి ఉప్పు గాఢత మార్చి ఎలా సాధించిందో ప్రొఫెసర్ పేజీన్నర రాశారు. పీహెచ్‌డీ విద్యార్థులు లేని చోట ప్రయోగశాల పని డిగ్రీ పిల్లలదే. అది వాళ్లకు దొరికే పెద్ద ఆస్తి.

జీవశాస్త్రం అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఆర్ఎన్ఏ ఉత్ప్రేరకంగా పనిచేస్తుందని చూపి 1989లో నోబెల్ పొందిన థామస్ చెక్ గ్రినెల్‌లో చదివారు. జన్యువులను మార్చే క్రిస్పర్ పద్ధతి మీద చేసిన పనికి 2020లో నోబెల్ పొందిన జెన్నిఫర్ డౌడ్నా పొమోనా కాలేజీలో చదివారు. డౌడ్నా పీహెచ్‌డీ తర్వాత కొలరాడోలో చెక్ ప్రయోగశాలలోనే పనిచేశారు.

జార్జియా పెద్దక్క (అట్లాంటా దగ్గర)

పంతులు గారు చెప్పినదానికి నా వంతు. దక్షిణాదిలో పేరు తెలియడం ప్రాంతాన్ని బట్టే కాదు, ఏ సమాజంలో పుట్టామన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. అట్లాంటాలో నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన స్పెల్మన్, మోర్‌హౌస్ కాలేజీలు ఉన్నాయి. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో మోర్‌హౌస్ నుంచి పట్టా తీసుకున్నారు. నల్లజాతి కుటుంబాలకు అలబామాలో ఉన్నా డెట్రాయిట్‌లో ఉన్నా ఆ పేర్లు తెలుసు, చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో గర్వం వినపడుతుంది. నాతో పనిచేసే నర్సు కూతురికి స్పెల్మన్‌లో సీటు వస్తే వార్డంతా కేకు కోశారు. అదే వారం మా కాలనీలో తెలుగు వాళ్లకు ఆ సంగతి చెబితే, అరగంట దూరంలో ఉన్న ఆ కాలేజీ గురించి నన్నే అడిగి తెలుసుకున్నారు.

ఆటలతో కూడా పేరు వస్తుంది. నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్ 1837లో పెట్టిన కాలేజీ, విద్యార్థులు రెండు వేలకు అటూఇటూ. 2008లో స్టెఫెన్ కర్రీ అక్కడ ఆడుతుండగా కాలేజీల జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో గొంజాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను ఓడించి, కాన్సస్ చేతిలో రెండే పాయింట్లతో ఓడిపోయారు. ఆ ఒక్క నెలలో డేవిడ్‌సన్ పేరు ఇంటింటికీ చేరింది. అంతకుముందూ ఆ తర్వాతా తరగతుల్లో చెప్పిన పాఠం ఒకటే.

హ్యూస్టన్ గాలి (టెక్సస్)

పంతులు గారూ, మీరు చెప్పింది పీహెచ్‌డీకి సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల మనసు మారితే? రెండో ఏడాదిలో ఇంజినీరింగ్ చేస్తానంటే? కార్ల్‌టన్‌లో ఇంజినీరింగ్ మేజర్ లేదు. ఎ అండ్ ఎమ్‌లో ఉంటే, పోటీ ఉన్నా, దారి అంటూ ఉంటుంది.

పాఠాల పంతులు (ఇల్లినాయ్)

చాలా సరైన ప్రశ్న. ఇంజినీరింగ్ మీద మనసు ఉంటే కార్ల్‌టన్ కంటే స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్, లఫాయెట్, బక్‌నెల్ లాంటివి చూడాలి, అక్కడ ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు వేరే యూనివర్సిటీలో చదివే పద్ధతి చిన్న కాలేజీల్లో చాలాచోట్ల ఉంటుంది కానీ దాన్ని నమ్ముకుని చేరమని నేను చెప్పను, మధ్యలో స్నేహితులను వదిలి వెళ్లడానికి ఇష్టపడే పిల్లలు తక్కువ. కంప్యూటర్ సైన్స్, గణాంకశాస్త్రం వైపు మనసు మారితే కార్ల్‌టన్‌లో ఏ ఇబ్బందీ లేదు.

క్యోటో తెలుగు (జపాన్)

విషయం అమెరికా దాటి వెళ్తుందని చెప్పాలనిపించింది. మా క్యోటోలో ఆమ్‌హర్స్ట్ పేరు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. నీజిమా జో అనే ఆయన 1870లో ఆమ్‌హర్స్ట్‌లో పట్టా తీసుకుని, తిరిగి వచ్చి 1875లో ఇక్కడ దోషిషా అనే విద్యాసంస్థ పెట్టారు. దోషిషా ఆవరణలో ఇవాళ్టికీ ఆమ్‌హర్స్ట్ హౌస్ అనే భవనం ఉంది. వెళ్లిన మనిషి ఒక్కడే, తిరిగి వచ్చి ఒక విద్యాసంస్థ కట్టాడు, నూట యాభై ఏళ్లుగా ఆ పేరు ఇక్కడ బతుకుతోంది. మినెసోటాలోని మెకలెస్టర్ కాలేజీ గురించి కూడా ఇలాగే చెప్పొచ్చు. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ 1961లో అక్కడ డిగ్రీ పూర్తిచేశారు. ఆ సమితి వర్గాల్లో ఆ కాలేజీ పేరు కొత్త కాదు.

సూళ్లూరుపేట

నాకు అమెరికా సంగతులు తెలియవు. మా దగ్గర శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది, 2018లో మొదలైంది. ఇలాంటి చదువే. మా పాప అక్కడ చదువుతోంది. తడలో బస్సు దిగి ఆటో అతన్ని అడిగితే "ట్రిపుల్ ఐటీకా సార్?" అంటాడు. శ్రీసిటీ అంటే మా వైపు ఫ్యాక్టరీలు, ట్రిపుల్ ఐటీ. చెన్నైలో, బెంగళూరులో ఇంగ్లీషు పత్రికలు చదివే ఇళ్లలో క్రియా తెలుసు, హర్యానాలోని అశోకా కూడా తెలుసు. మా మండలంలో ఎవరికీ తెలియదు. గేటు పక్కన ఉన్నవాళ్లకు తెలియక, మూడు వందల కిలోమీటర్ల అవతల వాళ్లకు తెలియడం నేనూ చూస్తున్నాను.

పాప వారాంతంలో ఇంటికి వచ్చి చరిత్ర, గణాంకాలు కలిపి రాసిన ఒక వ్యాసం చూపించింది. పులికాట్ సరస్సు మీద బతికే జాలరుల పాత లెక్కల గురించి. మా నాన్న పుట్టిన ఊరు పేరు అందులో ఉంది. బంధువులకు ఏం చెప్పాలో తెలియనప్పుడు ఆ వ్యాసం చదవమని ఇస్తున్నాను.

ప్లేనో నాన్న (టెక్సస్)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను, తనకు తెలుగు చదవడం కష్టం. క్రిస్పర్ మాట వచ్చినప్పుడు ఆపి మళ్లీ చదవమంది.

హ్యూస్టన్ గాలి గారి మాటలు నేను తేలిగ్గా తీసుకోలేదు. కార్ల్‌టన్ ఉద్యోగ విభాగానికి రాసి, డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో వాళ్ల పూర్వ విద్యార్థులు ఎవరెవరు ఏ రంగాల్లో ఉన్నారని అడిగాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఇక్కడ ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లలో కొందరు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. డల్లాస్‌లోని ఒక వైద్య పరిశోధకురాలు ఆదివారం అమ్మాయితో గంటసేపు మాట్లాడింది. ఉత్తరాంధ్ర అమ్మాయి గారికి కూడా ఫోను చేసింది, తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు కాబట్టి ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఎ అండ్ ఎమ్ ఆనర్స్ విభాగం వాళ్లతో కూడా మాట్లాడాం. వాళ్లూ బాగానే చెప్పారు. చివరి నిర్ణయం అమ్మాయిదేనని మా ఆవిడా నేనూ అనుకున్నాం. నిన్న రాత్రి కార్ల్‌టన్‌కు ఒప్పుకోలు పంపించింది. అత్తగారికి నేనే ఫోను చేసి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అక్కడ అన్నం దొరుకుతుందా?" అని అడిగారు.

మంచు మొక్క (రోచెస్టర్, మినెసోటా)

అత్తగారికి చెప్పండి, మా ఇల్లు గంట దూరమే. సెలవులకు పంపించండి. చలికోటు టెక్సస్‌లో కొనకండి, ఇక్కడికి వచ్చాక కొందాం.

హ్యూస్టన్ గాలి (టెక్సస్)

చాలా సంతోషం. అమ్మాయికి ఒక్క సలహా. రెండో ఏడాది వేసవికి హ్యూస్టన్ మెడికల్ సెంటర్ ప్రయోగశాలలకు డిసెంబరులోనే దరఖాస్తు పెట్టమనండి, జనవరి దాటితే చాలాచోట్ల గడువు అయిపోతుంది. దరఖాస్తు ఎలా రాయాలో చూడటానికి నేనున్నాను.